ఈడ ఉండేది మూడే

రాయచెర్లు నారప్ప కూతురు రక్షితకు పొద్దున్నే ఒక అలవాటు ఉండేది. చీకటితోనే లేచి, వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లి, స్నానం చేసి దేవుడి గూట్లో దీపం పెట్టేది. అంతవరకు ఏ ఇంట్లోనైనా జరిగేదే. ఆ తరువాత శనిమహాత్ముడి పటం వెనక చెయ్యి పెట్టి, నాలుగు మడతలు వేసిన పేపరు ముక్క ఒకటి తీసేది. దీపం వెలుతురులో దాన్ని విప్పి, పెదవులు కదుపుతూ మూడుసార్లు చదివేది. మళ్ళీ మడిచి పటం వెనకే పెట్టేది. అప్పుడుగాని ఆమె గొంతులో కాఫీ దిగేది కాదు.

వాళ్ళమ్మ రామలక్ష్మమ్మకు అది చూస్తే గుండె దడ.

"దేవుడి ఎనక ఇసం పెట్టకూడదే పాపా."

"ఇసం కాదుమా. మర్సిపోకుండా పెట్టుకున్నా."

"మర్సిపోతేనే కదే మనిషికి నిద్దర పట్టేది."

"నాకు నిద్దర వద్దు" అని రక్షిత పుస్తకం తెరిచేది.

ఆ పేపరు ముక్కలో ఉన్నది ఆరు వరుసలు. సోలార్ పార్కు ఊళ్ళలో భూములు గుత్తకిచ్చిన రైతుల చేతికి డబ్బు వచ్చాక వాళ్ళ గొర్రెల సంపద కరిగిపోయిందని ఒక పరిశోధన తేల్చిందట. ఒక ఊళ్ళో అరవై గొర్రెలున్న రైతుకు ఇప్పుడు మిగిలినవి మూడేనట. ఇంటి ముందర కొత్త మోటారుబైకు మాత్రం నిలబడి ఉందట. ఊరి పేరు లేదు, రైతు పేరు లేదు. కానీ రాయచెర్లులో అరవై గొర్రెలున్న ఇల్లు ఒక్కటే. ఆ బైకు ప్లాంటులో సోలార్ పలకలు కడిగే పనికి పోయే రక్షిత అన్న నందీష్ తన జీతంతో కొనుక్కున్నది. చదవడం వచ్చిన ప్రతివాడికీ అది నారప్ప సంగతేనని తెలిసిపోయింది. చదవడం రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చెప్పారు.

నారప్ప ఎలాంటి మనిషో చెప్పాలి. ఆ చుట్టుపక్కల గొర్రెలు పాలికివ్వడం పాత పద్ధతి. మేత లేనివాడు తన గొర్రెల్ని మేత ఉన్నవాడికి అప్పగిస్తాడు. పుట్టిన పిల్లల్లో సగం మేపినవాడికి, సగం ఇచ్చినవాడికి. ఐదారేళ్ళకొకసారి పంపకం. ఆ పంపకానికి ఇద్దరికీ నమ్మకమైన మూడో మనిషి కావాలి. బలసముద్రం నుంచి నాగలమడిక దాకా ఎవరింట్లో పంపకం జరిగినా నారప్పనే పిలిచేవాళ్ళు. ఆయన తెల్లటి టవలు భుజాన వేసుకుని పోయి, పిల్లల్ని రెండు వరసలుగా నిలబెట్టి, కుంటిదాన్ని ఒక వరసలో వేస్తే రెండో వరసలో ముసలిదాన్ని వేసి సరిచేసేవాడు. "ఇది నీకు, అది వానికి" అంటే ఆ మాటకు ఎదురు ఉండేది కాదు. కూలీ తీసుకునేవాడు కాదు. పెరుగన్నం పెడితే తిని వచ్చేవాడు.

పేపర్లో ఆ ఆరు వరుసలు పడ్డాక పిలుపులు ఆగిపోయాయి. "తన మందనే నిలబెట్టుకోలేనోడు మనదేం పంచుతాడు" అన్నారు. టీ అంగడి ఈరేశ్ మంచివాడే కానీ నోరు ఊరుకోదు. నారప్ప బెంచీ మీద కూర్చోగానే గ్లాసు కడుగుతూ, "ఏంప్పా నారప్పా, మూడూ ఉండాయా, ఒగటి బైకెక్కి పోయిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నారప్ప కూడా నవ్వాడు. మర్నాటి నుంచి ఆయన టీ అంగడికి పోలేదు. పొద్దున పాల వేళకు ఇంటి ముందరి బండ మీద కూర్చుని, రోడ్డు మీద పోయే షేర్ ఆటోల్ని చూస్తుండేవాడు.

అసలు సంగతి ఏమిటంటే, అమ్మింది ఒక్క గొర్రెను కూడా కాదు. ప్లాంటు కంచె లోపల మేత బీళ్ళన్నీ పోయాక, నారప్ప యాభై ఏడు గొర్రెల్ని నాగలమడిక బోరయ్యకు పాలికిచ్చాడు, ఊరు మాత్రం అమ్ముకున్నాడనే అనుకుంది. మూడింటిని ఇంటి దగ్గర ఉంచుకున్నాడు. ఆ మాట ఒక్కటి టీ అంగడిలో చెప్పి ఉంటే నవ్వులు ఆగిపోయేవి. కానీ నారప్ప చెప్పడు. పంపకం రోజు వచ్చేదాకా మంద మేపేవాడిదే. అంతవరకు ఇచ్చినవాడు నలుగురిలో "అవి నావి" అనకూడదు. అంటే, మేపేవాణ్ణి పాలేరు అన్నట్టు. పౌరుషం ఉన్నవాడైతే మందను తోలుకొచ్చి వాకిట్లో వదిలిపెట్టి పోతాడు. ఎవరూ రాసిపెట్టని మర్యాద ఇది. పంపకాల పెద్దమనిషే దాన్ని ఎలా మీరుతాడు? అందుకని ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ మర్యాద రక్షితకూ తెలుసు. తెలిసిన కొద్దీ ఆమె కడుపు మండిపోయేది. మంట అంతా ఒక్క మనిషి మీద. ఆ పరిశోధన చేసిన వేణుగోపాల్ సార్ మీద.

ఆయన పరాయివాడేమీ కాదు. పావగడ బజారులో నూనె అంగడి వాళ్ళ బిడ్డ. బెంగుళూరులో ఒక పెద్ద కాలేజీలో ఫైనాన్సు చెప్తాడు. పల్లెల్లో కుటుంబాలు సొమ్మును ఏ రూపంలో దాచుకుంటాయనేది ఆయన విషయం. సర్వేకు వచ్చినప్పుడు రక్షిత బీకాం చివరి ఏడు చదువుతోంది. ఊరిపిల్లలు కావాలని ఆమెనూ ఇంకో ఐదుగురినీ పనిలో పెట్టుకుని, చేతికి తలా ఒక ట్యాబ్ ఇచ్చాడు. సొంత ఊరి ఇళ్ళకు పోకూడదన్నాడు. మొగమాటం ఉంటుందని. అందుకే రక్షితను నాగలమడికకు పంపి, రాయచెర్లుకు ఆయనే వచ్చాడు. నారప్ప ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. రామలక్ష్మమ్మ రాగిముద్ద, చెనిక్కాయల చట్నీ పెట్టింది. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. "మీ ఇంట్లో ముద్ద మా అవ్వ చేసినట్టే ఉంది" అన్నాడు. రామలక్ష్మమ్మ ఆ మాటను చాలా రోజులు అందరికీ చెప్పుకుంది.

తిన్న ఇంటి మీద అబద్ధం రాశాడని రక్షిత నమ్మింది. ఆ శనివారమే పావగడ శని గుడికి పోయి, నల్లనువ్వుల నూనె దీపం పెట్టి, "ఆయప్ప తల నలుగుర్లో వంగాల సామీ. నా చేతితోనే వంగాల" అని మొక్కుకుంది. దేవుడి ముందర అలాంటివి కోరకూడదని అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా కోరింది.

తిట్టడానికైతే నోరు చాలు. కానీ ఆ పరిశోధనా పత్రం తెప్పించుకుని చూస్తే మూడో పేజీ నుంచి ఒక్క ముక్క అర్థం కాలేదు. గ్రీకు అక్షరాలు, వాటి మీద టోపీలు, కింద చిన్నచిన్న అంకెలు, అంకెల పక్కన నక్షత్రాలు. తన తండ్రి పరువును ఏ కత్తితో కోశారో ఆ కత్తి పేరు కూడా తనకు తెలియదే అనుకుంది. తుమకూరులో ఎంకాం ముగించి, అక్కడే జలజ మేడం దగ్గర పరిశోధనకు చేరింది. ఎకనామెట్రిక్స్ నేర్చుకోవాలని అడిగింది. అంకెలతో ఆర్థిక విషయాల కారణాలు తేల్చే విద్య అది.

"ఎందుకమ్మా?" అని అడిగింది జలజ మేడం. ఆమె పుట్టిల్లు పావగడే.

"ఒక పేపరును పడగొట్టల్ల మేడం."

మేడం కళ్ళజోడు తీసి చూసింది. "చదువుకోవాలని వచ్చేవాళ్ళుంటారు. ఉద్యోగానికి వచ్చేవాళ్ళుంటారు. కొడవలి నూరేదానికి వచ్చిందానివి నువ్వే మొదలు. సరే, కూర్చో."

ఆ చదువు సాగిన మూడేళ్ళలో రక్షితకు తెలియకుండానే ఎంతమంది చేతులు పడ్డాయో! పావగడ నుంచి మధుగిరి మీదుగా తుమకూరు పోయే పొద్దుటి బస్సులో కండక్టరు సంజీవప్ప ముందర కిటికీ సీట్లో తన సంచి పెట్టి ఉంచేవాడు. ఆమె ఎక్కగానే సంచి తీసేసేవాడు. ఏనాడూ ఒక మాట అనలేదు. జెరాక్స్ అంగడి రామప్రసాద్ ఆమె తెచ్చిన లావు పుస్తకం నకలు తీస్తూ, ఒక అధ్యాయంలో పేజీలు తలకిందులుగా పడ్డాయని తనే గమనించి, అంగడి మూసే వేళ దాటినా మళ్ళీ తీసి కుట్టించి ఇచ్చాడు. "నాకు దీంట్లో ఒక్కటీ తెలీదు పాపా, కానీ తలకిందులైతే ఎవురికైనా తప్పే కదా" అన్నాడు. రక్షిత అప్పుడు వాళ్ళకు సరిగ్గా ఒక నమస్కారం కూడా పెట్టలేదు. పగ ఉన్న మనిషి కళ్ళకు దారి ఒక్కటే కనపడుతుంది, దారి పక్కన నిలబడి గొడుగు పట్టేవాళ్ళు కనపడరు.

వేణుగోపాల్ సార్ వాడిన పద్ధతిని జలజ మేడం ఒక మధ్యాహ్నం బోర్డు మీద చెప్పింది.

"ఒక చెనిక్కాయ చేనికి జిప్సం ఎరువు ఏసినాం, పక్క చేనికి ఏయలేదు. ఏసిన చేన్లో కాయ ఎక్కువొచ్చింది. జిప్సం వల్లేనా? ఏమో, వాన బాగా పడింటుంది. అందుకని ఏం చేస్తాం? ఏయని చేన్లో ఎంత పెరిగిందో చూస్తాం. ఆ పెరుగుదల వానది. దాన్ని దీంట్లోంచి తీసేస్తే మిగిలింది జిప్సానిది. రెండు తేడాల మధ్య తేడా. అంతే."

"అంతేనా మేడం?"

"అంతే. ఒకే షరతు. ఈ చేని జిప్సం ఆ చేనికి పారకూడదు."

రక్షిత రాసుకుంది. రాసుకుని మరిచిపోయింది. అప్పటికి ఆమె వేటాడుతున్నది వేరే. సారు ఎక్కడ అబద్ధం రాశాడు, ఏ అంకె మార్చాడు అని. ఒక్కో పట్టికనూ రెండువందల సార్లు తిప్పి వేసింది. సర్వే ఊళ్ళు మూడే కాబట్టి, ఫలితం గట్టిదని చెప్పే ఆ నక్షత్రాల మీద అంత నమ్మకం పెట్టకూడదని కనుక్కుని సంబరపడింది. మేడం చల్లగా, "అది నిజమే. కానీ దాంతో ఆయన గడ్డం వెంట్రుక కూడా తెగదు" అంది. ఇంకోసారి, తనకు నచ్చని ఇళ్ళను తీసేసి లెక్క వేసి, ఫలితం సున్నా వచ్చిందని పరుగెత్తుకొచ్చింది. మేడం కాగితం చూసి వెనక్కు ఇచ్చేసింది.

"జవాబు ముందే రాసిపెట్టుకోని, దానికి సరిపోయేట్టు రెగ్రెషన్ తోలితే అది లెక్క కాదమ్మా, పూనకం. ఆయన చేసింది తప్పని నువ్వంటావు. నువ్వు చేసింది ఏంది మరి?"

ఆ రోజు రక్షిత బస్సులో ఏడ్చింది. సంజీవప్ప టికెట్టు ఇవ్వడానికి కూడా మధుగిరి దాకా అటువైపు రాలేదు.

ఆ పరిశోధనను అచ్చువేసిన పత్రికవాళ్ళ నియమం ప్రకారం సర్వే అంకెలన్నీ ఇంటర్నెట్లో పెట్టారు. పేర్లుండవు. ఇంటికో నంబరు, ఊరికో నంబరు, రాసిన పిల్లలకో నంబరు. ఒక ఆదివారం పొద్దున, పేపరు ముక్క చదివిన తరువాత, రక్షిత నంబర్లను ఊరివారీగా కాకుండా ఇంటివారీగా దించి చూసింది. పార్కు ఊళ్ళలో ఇంటికి సగటున ముప్పై ఎనిమిది గొర్రెలుండేవి, పద్నాలుగుకు దిగాయి. పార్కు లేని నాగలమడికలో ముప్పై ఉండేవి, నలభై నాలుగుకు పెరిగాయి. ఇక్కడ ఇరవై నాలుగు పోయాయి, అక్కడ పద్నాలుగు పెరిగాయి. రెండూ కలిపి, పార్కు వల్ల ఇంటికి ముప్పై ఎనిమిది గొర్రెల నష్టమని సారు తేల్చాడు. డబ్బు వచ్చింది, గొర్రెలు పోయాయి, కాబట్టి తాగి తిని తగలేశారన్నాడు.

ఇదంతా ఆమెకు కంఠతా వచ్చినదే. కానీ ఆ రోజు కన్ను ఒక వరుస మీద ఆగింది. నాగలమడికలో ఒక ఇల్లు. ముందు నలభై, ఇప్పుడు నూట పన్నెండు.

కరువు నేల మీద ఒక ఇంటి మంద నాలుగేళ్ళలో అంత పెరగదు. ఎవడో తప్పు రాశాడు! రక్షిత వెంటనే ఆ ఇల్లు రాసినవాళ్ళ నంబరు చూసింది. నాలుగు. నాలుగో నంబరు రాసిన ఇళ్ళన్నీ బయటికి తీసింది. అన్నింటిలోనూ అదే కథ, మందలు ఉబ్బిపోయి ఉన్నాయి. ఎవరీ నాలుగు? ఎంతసేపు చూసిందో. నూట పన్నెండు, వేపచెట్టు కింద దొడ్డి, ఇద్దరు కోడళ్ళు, వాళ్ళు ఇచ్చిన అలసందల గుగ్గిళ్ళు... అది బోరయ్య ఇల్లు. ఆ ఇంటికి పోయింది తనే. నాలుగో నంబరు తనే.

ఆ రోజు బోరయ్యను అడిగింది కూడా గుర్తుకొచ్చింది. "ఎన్ని ఉండాయి మామా?" "నూటా పన్నెండు పాపా." "అన్నీ మీవేనా?" బోరయ్య ఒక్క క్షణం ఆమె మొహం చూసి, "మావే" అన్నాడు. ఇంకేమంటాడు? అందులో యాభై ఏడు తన నాన్నవని ఆమెకు తెలుసు. ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసని. అయినా ఆమె "సొంతం" అనే గడిలో నూట పన్నెండు కొట్టింది. పంపకం కాకముందు మంద మేపేవాడిదే కదా. ట్యాబులో పాలి గొర్రెలకు వేరే గడి లేదు. ఉన్నా ఆమె అలాగే కొట్టి ఉండేదేమో. చిన్నప్పటి నుంచి పాలతో తాగిన మర్యాద అది. మిగతా ఇళ్ళలోనూ అంతే, ఎవరు "మావే" అంటే వాళ్ళవని రాసింది.

పార్కు ఊళ్ళ గొర్రెలు నాగలమడిక దొడ్లలో ఉన్నాయి. ఇక్కడ పోయినట్టూ, అక్కడ పెరిగినట్టూ, ఒకే గొర్రె రెండుసార్లు లెక్కకు వచ్చింది. ఈ చేని జిప్సం ఆ చేనికి పారింది. పారించింది తన చెయ్యే.

మూడేళ్ళుగా అబద్ధాలకోరని తిట్టిన మనిషి అబద్ధం రాయలేదు. ఆ నిజం ఆమెకు చేదు మందులా దిగలేదు, నిప్పులా దిగింది. మర్నాడంతా అన్నం ముట్టలేదు. రామలక్ష్మమ్మ పొద్దుతిరిగేదాకా పక్కన కూర్చుని చెనిక్కాయలు వలుస్తూ ఉండిపోయింది. సాయంత్రానికి రక్షిత లేచి ఒకే మాట అంది: "నా తప్పు నాది. ఆయప్పది ఆయప్పది. నాది ఉండాదని ఆయప్పది పోదు."

మళ్ళీ లెక్కపెట్టాలి. అందుకు బోరయ్య నోరు తెరవాలి. బైకు మీద నందీష్ దించితే, పినాకిని నది ఇసుక ఒడ్డున మంద దగ్గరికి పోయి నిలబడింది. సంగతంతా చెప్పింది. బోరయ్య కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు.

"అంటే మీ నాయన్ను అందురూ మూడు గొర్రెలోడని ఎగతాళి చేస్తా ఉంటే, నా మందలో యాబై ఏడు ఉండాయని ఆయప్ప చెప్పలేదా?"

"చెప్పలేదు మామా."

"ఇన్నేండ్లా?"

"ఇన్నేండ్లు."

బోరయ్య కర్రను ఇసుకలో గుచ్చాడు. "నాకు మర్యాద చేసినాడు, తాను మర్యాద పోగొట్టుకున్నాడు. ఏం మనిషి పాపా మీ నాయన!" అన్నాడు. తరువాత తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "రాసుకో. అప్పుటి నూటా పన్నెండులో నావి యాబై ఐదు. నారప్పవి యాబై ఏడు. ఇంగా ఎవురెవురివి ఈ ఊర్లో ఎవురి దొడ్లో ఉండాయో నేను పిలిపిస్తా. అడిగితే చెప్పరు. నేను ముందు చెప్తే చెప్తారు" అన్నాడు.

అలాగే చెప్పాడు. మూడు వారాలు ఇంటింటికీ ఆమెతో తిరిగాడు. ప్రతి అరుగు దగ్గరా ముందు తన మందలో ఎన్ని పరాయివో తానే బయటపెట్టేవాడు, ఆ తరువాతే ఎదుటివాడు గొంతు సవరించుకునేవాడు. ఒక ముసలాయన మాత్రం లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. బోరయ్య తలుపు దగ్గర కూర్చుని బీడీ కాల్చి, "ఆయన ఇయాల చెప్పడు, రేపు వస్తాం" అన్నాడు. రేపు చెప్పాడు.

లెక్క తేలింది. ఇంటికి సగటున పన్నెండు గొర్రెలు ఈ ఊళ్ళ నుంచి ఆ ఊరికి పోయి ఉన్నాయి. వాటిని ఎవరివి వాళ్ళకు చేర్చి వేస్తే, పార్కు ఊళ్ళలో ముప్పై ఎనిమిది ఇరవై ఆరైంది. నాగలమడికలో ముప్పై ముప్పై రెండైంది. నష్టం ముప్పై ఎనిమిది కాదు, పద్నాలుగు. ఆమె పగ సున్నా కోరింది, లెక్క పద్నాలుగు ఇచ్చింది. ఆ పద్నాలుగు మేత బీళ్ళు కంచెలోకి పోయినందుకు. తాగినందుకు కాదు, బైకు కొన్నందుకు కాదు. జలజ మేడం పట్టికలన్నీ తనే మళ్ళీ వేసి చూసి, "ఇప్పుడు ఇది లెక్క" అంది. ఆ మాటకు రక్షిత మేడం కాళ్ళకు మొక్కింది.

తుమకూరు సెమినారుకు వేణుగోపాల్ సారే ముఖ్య అతిథి. రక్షిత తన పట్టికలు చూపించింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సారు నవ్వుతూ లేచి మైకు తీసుకున్నాడు.

"చాలా సంతోషం. ఒకప్పుడు నా దగ్గర పనిచేసిన అమ్మాయే ఇంత మంచి పని చేసింది. కానీ ఇది పద్ధతి తప్పు కాదు. ఫీల్డులో అంకెలు నింపిన పిల్లల తప్పు. పల్లెల్లో దొరికే పిల్లలతో సర్వే చేస్తే ఇలాంటివి తప్పవు. ఆ నాలుగో నంబరు ఎవరో గానీ..."

"నేనే సార్."

సారు చేతిలో మైకు నోటికి దూరంగా ఆగిపోయింది.

"నాలుగో నంబరు నేనే. బోరయ్య మామ 'మావే' అన్యాడు, నేను అట్లే రాసినా. మా ఊర్లల్లో పాలి గొర్రెల్ని అట్లే చెప్తారు. మీ ట్యాబులో దానికి గడి లేదు, నేను అడగలేదు. నా తప్పు ఒప్పుకుంటా ఉండాను." ఆమె కాగితాలు పక్కన పెట్టింది. ఇంగ్లీషు ఎప్పుడో జారిపోయింది. "కానీ సార్, రాయచెర్లుకు ఏ పల్లెటూరి పిల్లా రాలేదు. మీరే వచ్చినారు. మా ఇంట్లో ముద్ద తిన్యారు. ఎన్ని గొర్రెలని అడిగినారు. మా నాయన 'ఈడ ఉండేది మూడే సార్' అన్యాడు. 'ఈడ' అన్యాడు. మీది పావగడే కదా సార్, ఈడ అంటే ఏందో మీకు తెలీదా? ఈడ మూడైతే ఆడ ఎన్ని అని ఒక్క మాట అడగలేదు. మూడు రాసుకున్యారు. బైకును చూసినారు, అదీ రాసుకున్యారు. ఎవురిదని అడగలేదు."

సారు మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. ముందు వరుసలో ఒక పెద్దాయన, "ఆ రైతు మాట మీ నోట్సులో ఉందా?" అని అడిగాడు. సారు తల వంచుకుని, "నాకు గుర్తుంది" అన్నాడు. "ఈడ అనే అన్నాడు. నేను దాన్ని పట్టించుకోలేదు. మూడే మిగిలాయన్న ఆ వాక్యం నేను రాయాల్సింది కాదు."

నలుగురిలో ఆ తల వంగింది. అన్ని పొద్దులు ఏ దృశ్యం కోసం నూనె పోసిందో అది కళ్ళ ముందుకు వచ్చింది. జాలి పడాలని మంచివాళ్ళు అంటారు. రక్షితకు జాలి రాలేదు. ఒక గుటక చల్లటి నీళ్ళు తాగినట్టుంది, అంతే. ఇంకా దాహంగానే ఉంది. ఈ హాల్లో ఉన్న నూరు మందిలో ఒక్కడూ నారప్పను పంపకానికి పిలిచేవాడు కాదు.

భోజనాల దగ్గర సారు వెతుక్కుంటూ వచ్చాడు. రక్షిత ఆకులో అన్నం అలాగే ఉంది.

"పత్రికకు సవరణ పంపిస్తానమ్మా. నీ లెక్కే వేస్తాను. నీ పేరు పెడతాను. పేపరువాళ్ళకు కూడా రాస్తాను. ఇంకా నా వల్ల ఏమన్నా కావాలంటే చెప్పు."

"ఒగ ఉపకారం చేయల్ల సార్."

"చెప్పు."

"మా ఊర్లో ఎవురూ పత్రిక చదవరు. పేపర్లో సవరణ యాడో మూలన చిన్న అక్షరాల్లో ఏస్తారు, అదీ చూడరు. మీరు రాయచెర్లుకు రావల్ల. ఈరేశన్న టీ అంగడికాడికి, పొద్దున పాల వేళకి. అప్పుడైతే అందరూ ఉంటారు. నారప్పవి అరవై గొర్రెలు ఎప్పుడూ అరవైయే, నేను అడగకుండా తప్పు రాసినా అని తెలుగులో చెప్పల్ల. బోరయ్య మామ నేను పిలిస్తే వస్తానన్యాడు, ఆయప్ప పక్కన ఉంటాడు."

సారు ఎదురు కుర్చీ లాక్కున్నాడు. "వస్తాను. మీ నాయనతో విడిగా మాట్లాడితే సరిపోదా? ఇంట్లో కూర్చుని..."

"వద్దు సార్. మా ఇంట్లో మీరు ఒగసారి కూర్చున్యారు" అంది రక్షిత. "అంగడి ముందర బెంచీ ఉండాది. మా నాయన దాని మీద కూర్చోని వింటాడు. మీరు నిలబడి చెప్పండి. ఆ ఒక్క ఉపకారం చేయండి సార్."